నలభై రెండు గడుల తేడా

పైడిరాజుని ఒక అధికారి సలహా అడగడం అతని జీవితంలో అదే మొదటిసారి. అడిగిందే తడవుగా చెప్పేశాడు. ఆ తర్వాత జరిగిన గొడవంతా ఆ ఒక్క ముక్క వల్లే జరిగింది కాబట్టి ముందు ఆ సంగతి చెప్పుకోవాలి.

కొండగుమ్మిడి మెయిన్‌రోడ్డు మీద సీతారామా పెయింట్స్ అని గోడరంగులమ్మే కొట్టుంది. అందులో రంగులు కలిపేవాడు పైడిరాజు. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ఇప్పుడు కలపడానికి మిషనొచ్చింది. వచ్చినా సరే, అది కలిపిన రంగుని పైడిరాజు బొటనవేలి గోటి మీద రాసుకుని, ఎండలోకి వెళ్ళి చూసి "ఊఁ" అంటేగాని యజమాని డబ్బాకి మూత పెట్టనివ్వడు. మోచేతుల దాకా మరకలు, ఒంటినిండా టర్పెంటైన్ వాసన. అతను వీధి మలుపు తిరగ్గానే భార్య కుమారి వాసన పట్టేసి కంచం కడుగుతుందని ఇరుగుపొరుగు నవ్వుకుంటారు.

ఆ కొట్టు ముందు ఒకనాడు మున్సిపాలిటీ జీపు ఆగింది. దండపాణి గారు దిగారు. ఆయన వర్ణసామ్య నిర్ధారణాధికారి. ఆ ఉద్యోగం పుట్టి అప్పటికి మూడు రోజులైంది. ఎందుకు పుట్టిందంటే, కిందటేడు ఒక బడి దగ్గర లాస్య అనే పేరున్న ఇద్దరు పిల్లల్ని ఆటో అతను ఒకరింట్లో ఒకర్ని దింపేశాడు. గంటలో ఎవరి లాస్య వాళ్ళకి చేరిపోయింది. ఈలోగా ఇద్దరు లాస్యలూ కొత్త ఇళ్ళలో జంతికలు తింటూ హాయిగా ఉన్నారు. అంతటితో అయిపోవలసిన మాటే, కాని పేపర్లో పడింది. పేపర్లో పడ్డాక మున్సిపాలిటీ ఊరుకుంటే బాగుండదు. అందుకని ఏ బిడ్డ ఎవరి బిడ్డో చూడగానే తేలిపోయేలా, ఒంటిరంగూ జుట్టురంగూ కంటిరంగూ తల్లిదండ్రులతో సరిపోయాయని ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక ధ్రువపత్రం ఉండాలనీ, అది లేనిదే ఒకటో తరగతిలో చేర్చుకోరాదనీ బల్లలు చరిచి మరీ తీర్మానించారు.

"రంగుల పట్టిక ఒకటి కార్యాలయ అవసరాల నిమిత్తం కావలసి ఉన్నది," అన్నారు దండపాణి గారు.

పైడిరాజు డెబ్బై రెండు గడులున్న షేడ్ కార్డు తీసిచ్చాడు. ఒకటో గడి సున్నంలా తెలుపు, డెబ్బై రెండోది కాటుకలా నలుపు.

"సాంకేతికంగా ఒక సందేహం. రెండు వేర్వేరు వర్ణములు సంయోగం చెందినచో ఫలితం ఏమగును?"

పైడిరాజుకి ఒళ్ళు పులకరించింది. పద్దెనిమిదేళ్ళలో సున్నం రేటెంత అని అడిగినవాళ్ళే గాని, ఇంత మర్యాదగా తన విద్య గురించి అడిగినవాళ్ళు లేరు. "రెండు రంగులు కలిపితే మజ్జి రంగే వొస్తాది బాబూ! ఇటు పోదు, అటు పోదు. రాకపోతే డబ్బా వాపసు తెచ్చీమనండి. ఇది నా గేరంటీ," అన్నాడు రొమ్ము మీద చెయ్యేసుకుని.

దండపాణి గారు ఆ మాట డైరీలో రాసుకుని, కింద తేదీ వేసుకుని, జీపెక్కి వెళ్ళిపోయారు. ఆ పూటంతా పైడిరాజు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గోడరంగుల కోసమే అడిగారనుకున్నాడు పాపం.

పైడిరాజుకి ఒక్కతే కూతురు, మోక్షిత. ఐదేళ్ళు నిండాయి. ఊళ్ళో మున్సిపాలిటీ వారి మోడల్ బడిలో ముప్ఫై సీట్లకి నాలుగొందలమంది దరఖాస్తు పెడితే చీటీలు తీశారు. తీసిన పదకొండో చీటీ మోక్షితది. ఆ రోజు కుమారి వీధంతా తిరిగి బెల్లంముక్కలు పంచింది. తను ఐదో తరగతిలో మానేసిన మనిషి. ఆ బడి గోడ పక్కనుంచి నడిచినప్పుడల్లా లోపల పిల్లలు పాఠం అప్పజెబుతుంటే అడుగు నెమ్మది చేసే మనిషి. చేర్పించడానికి శనివారం ఆఖరు. అప్పటికల్లా ఆ రంగుల సామ్యపత్రం తేకపోతే సీటు తర్వాతి చీటీకి పోతుంది.

సోమవారం పొద్దున్నే ముగ్గురూ మున్సిపాలిటీకి వెళ్ళారు. వరండా కిటకిటలాడుతోంది. ఒకావిడ బిడ్డని మెట్ల మీద ఎండలో నిలబెట్టి అటూ ఇటూ తిప్పుతోంది, తండ్రికి ఇంకో మూడు గడులు దగ్గర కావాలట. ఇంకో తండ్రి మొహానికి పౌడరు మెత్తుకుంటుంటే భార్య చెవుల వెనక్కూడా రాయమని సలహా ఇస్తోంది. ముందు వరసలో ఒకాయన జుట్టు నిగనిగలాడుతోంది, నుదుటి మీదకి నల్లటి చార కారుతోంది.

"రంగేసుకొచ్చారు కదండీ," అని ఎవరో పితూరీ చెప్పారు.

"పరిశీలనా సమయమున కనిపించు వర్ణమే వర్ణము. నాలుగో నిబంధన," అని దండపాణి గారు ముద్ర గుద్దేశారు.

ఆ వెనకాయనకి ఇద్దరు కవలలు. ఒకడు తల్లిలా తెలుపు, ఒకడు తండ్రిలా నలుపు. విడివిడిగా చూస్తే ఇద్దరూ తప్పారు. దండపాణి గారు కాసేపు పెన్ను కొరికి, ఇద్దర్నీ కలిపి సగటు కట్టారు. అక్షరాలా సరిపోయింది. ఇద్దరికీ కలిపి ఒకే పత్రం ఇచ్చి, చదువు పూర్తయ్యేదాకా వారిని విడదీయరాదని షరతు రాశారు.

పైడిరాజుకి ఇవేవీ కనపడటం లేదు. గోడ మీద బంగారు అంచు ఫ్రేములో పెద్దక్షరాలతో వేలాడుతున్న మాట మీదే ఉంది అతని చూపంతా. 'రెండు వర్ణములు కలిసినచో మధ్య వర్ణమే వచ్చును. ఇటు పోదు, అటు పోదు — నిపుణుల అభిప్రాయం.' కుమారి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "ఎవుడో గాని మా గొప్పోడులా ఉన్నాడు," అంది. పైడిరాజు దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు.

వీళ్ళ వంతొచ్చింది. దండపాణి గారు కార్డు పెట్టి చూశారు. ఒంటిరంగు తండ్రిది నలభై ఎనిమిది, తల్లిది నలభై, పిల్లది నలభై నాలుగు. "భేష్! పుస్తకంలో ఉన్నట్టే ఉన్నది," అన్నారు. జుట్టూ సరిపోయింది. కళ్ళ దగ్గరకొచ్చేసరికి ఆయన కార్డు దించేశారు. పైడిరాజుది అరవై ఆరు, కుమారిది అరవై నాలుగు. మధ్య వర్ణం అరవై ఐదు, అటు రెండు గడులు ఇటు రెండు గడులు మినహాయింపు. మోక్షిత కళ్ళు తేనెలో ఆకుపసరు పిండినట్టుంటాయి. ఇరవై మూడు.

"నలభై రెండు గడుల తేడా. దీన్ని సామ్యలోపం అనరాదు. సామ్యరాహిత్యం అనవలెను," అన్నారు దండపాణి గారు వరండా అంతా వినపడేలా.

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో "పిల్లికళ్ళు" అన్నారు. ఇంకెవరో కుమారిని కాళ్ళ నుంచి తల దాకా చూశారు. కుమారి చెవులు ఎర్రబడ్డాయి. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మాయమ్మవి బాబూ ఆ కళ్ళు!" అన్నాడు పైడిరాజు గాభరాగా. "పిల్లికళ్ళ సిమ్మాచలమంటే మా పేటంతా తెలుసును."

"ఆధారం?"

"సచ్చిపోయి పన్నెండేళ్ళయింది."

"పోయినవారు ఆధారం కాజాలరు. ఫొటో ఉన్నచో దాఖలు చేసుకోండి."

మంగళవారం పైడిరాజు ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క ఫొటో పట్టుకెళ్ళాడు. అతని తల్లి పెళ్ళినాటిది. స్టూడియోలో ప్లాస్టిక్ పూలకుండీ పక్కన నిలబడి తీయించుకున్నది. అప్పట్లో అందరివీ ఎలా ఉండేవో అదీ అలాగే ఉంది, నలుపూ తెలుపూ. దండపాణి గారు దాని మీద డెబ్బై రెండు గడులూ పెట్టి చూశారు. ఏదీ సరిపోలేదు. చివరికి సిమెంటు రంగుల కార్డు తెప్పించారు.

"మీ తల్లిగారు బూడిద రంగు."

"బాబూ, అది ఫొటో అండి."

"దాఖలైన రికార్డు ప్రకారం ముఖం బూడిద, నేత్రాలు బూడిద, చీర బూడిద. పూలకుండీ సైతం బూడిద. కుటుంబ లక్షణం అయి ఉండును." ఆయన నిబంధనల పుస్తకం తిరగేశారు. "ఏడో నిబంధన. సాక్ష్యంగా చూపిన పూర్వీకుల వర్ణాన్ని సైతం సగటులో చేర్చవలెను. ఆ ప్రకారం మీ అమ్మాయిలో నాల్గవ వంతు బూడిద ఉండి తీరాలి. లేదు. కాబట్టి నిన్న ఆమోదించిన ఒంటిరంగు కూడా ఇందుమూలంగా రద్దు."

వెళ్ళేటప్పుడు పిల్లకి కళ్ళొక్కటే తప్పు. వచ్చేటప్పటికి ఒళ్ళంతా తప్పయింది.

ఇంటికొచ్చాక కుమారి చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది గాని, ఏరటం లేదు. "మావా, ఆల్లు నవ్విన నవ్వు నీకు ఇనబడిందా? నవ్వింది పిల్లని సూసి కాదు, నన్ను సూసి. రేపు దీనికి ఊహొచ్చాక ఎవులో ఒకలు సెప్తారు, మీయమ్మనిలాగ వరండాలో నిలబెట్టినారని. ఆ మాటన్న నిపునుడెవుడో నాకు దొరికితే ఆడి నోట్లో పేడ కుక్కుతాను," అంది.

పైడిరాజుకి దాచడానికింక ధైర్యం చాల్లేదు. "దొరికినాడే," అన్నాడు తల వంచుకుని. "నానే."

సంగతంతా విన్నాక కుమారి పేడ కోసమైతే లేవలేదు. చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత బియ్యం ఏరుకుంటూ, "మా నాయనమ్మకి తేనికళ్ళని మాయమ్మ సెప్పేది. నేను సూళ్ళేదు," అంది మెల్లిగా. "నీ ఎనకాల ఉంది, నా ఎనకాల ఉంది. మనిద్దరికీ రానేదు. దీనికొచ్చింది. ఇందులో మజ్జి ఏటుంది మావా?"

ఆ మాట పైడిరాజు బుర్రలో తిరుగుతూనే ఉంది. బుధవారం కొట్లో నిలబడి నల్లరంగు డబ్బాలో చెంచాడు పచ్చరంగు వేసి కలిపాడు. పచ్చ మాయమైంది. మళ్ళీ బయటికి తియ్యడం దేవుడి తరం కూడా కాదు. కాని తల్లి పచ్చ తనలో మాయమై కూతుర్లో చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. అయితే ఇది డబ్బాలో కలపడం కాదు, ఇంకేదో. మోక్షితకి సీటెలా వచ్చిందో గుర్తొచ్చి పైడిరాజు చెంచా పారేసి అప్పీలు రాయించడానికి పరిగెత్తాడు.

గురువారం అప్పీలు. వినేది కూడా దండపాణి గారే. కాకపోతే అప్పీళ్ళకి కిటికీ పక్కనున్న వేరే కుర్చీలో కూర్చుంటారు. కూర్చుని, పైడిరాజుని ఎప్పుడూ చూడనట్టు, "మీరెవరు?" అన్నారు.

పైడిరాజు తన పేరు చెప్పి, జేబులోంచి నాలుగు చీటీలు తీసి బల్ల మీద పెట్టాడు. "బాబూ, ప్రెతీ మనిషి దగ్గిరా కంటిరంగుకి రెండేసి చీటీలుంతాయి. ఒకటి నాయిన దగ్గిర తీసింది, ఒకటి అమ్మ దగ్గిర తీసింది. నా దగ్గిర ఒక నలుపుంది, ఒక తేనుంది. నలుపు పైకి కనిపిస్తాది, తేని దాని కింద దాక్కుంతాది. మా ఆడదానిక్కూడా అంతే. బిడ్డకి సెరొక చీటీ ఇచ్చినాం. సూసి ఇవ్వలేదు బాబూ, లాటరీయే. రెండూ తేనే పడ్డాయి. బడిలో సీటు కూడా అలగే కదండీ వొచ్చింది! రంగులు కలిసిపోతాయి గాని చీటీలు కలవవు."

దండపాణి గారు చీటీల వైపు చూశారు. ఒక్క క్షణం ఆయన ముఖంలో ఏదో కదిలింది. ఎందుకంటే ఆయనకున్నలాంటి ముక్కు వాళ్ళింట్లో ఎవరికీ లేదు, ఎప్పుడో పోయిన మేనమామకి తప్ప. కాని వెంటనే సర్దుకున్నారు.

"మీ వాదన ఈ కార్యాలయంలో ఉన్న నిపుణుల అభిప్రాయానికి విరుద్ధంగా ఉన్నది."

"ఆ నిపునుణ్ణి నానే బాబూ! అప్పుడు తప్పు సెప్పినాను. నా గేరంటీ డబ్బాలకే గాని బిడ్డలకి కాదు."

దండపాణి గారు గోడ మీద ఫ్రేము వైపూ పైడిరాజు వైపూ మార్చి మార్చి చూసి, తీర్పు చెప్పారు. "నిపుణులైన పైడిరాజు గారు స్వార్థం లేకుండా, అడగగానే అభిప్రాయం చెప్పియున్నారు. తండ్రియైన పైడిరాజు గారు సీటు కోసం చెబుతున్నారు. నిపుణుల మాట ముందు మీ వాంగ్మూలం నిలువదు. అప్పీలు కొట్టివేయడమైనది."

అలా పైడిరాజు తన చేతిలో తనే ఓడిపోయి ఇంటికొచ్చాడు. శనివారానికి మధ్యలో ఇంక ఒక్క రోజే ఉంది.

శుక్రవారం కుమారి పిల్లని పక్కింట్లో దింపి బజారుకెళ్ళింది. కళ్ళద్దాల కొట్లో పెళ్ళికూతుళ్ళు పెట్టుకునే రంగు లెన్సులు అమ్ముతారని ఆమెకు తెలుసు. రెండు జతలు తెచ్చింది. "కనబడిన రంగే రంగన్నాడు కదా. నాలుగో నిబంధన. ఆ జుట్టుకి రంగేసుకున్నాయనకి ముద్రెయ్యలేదేటి? కూకో," అని పైడిరాజు తల వెనక్కి వంచింది. అతను కళ్ళు మూసుకుంటాడు, ఆమె తిడుతుంది, నీళ్ళు కారతాయి, మళ్ళీ మొదలు. అరగంటకి ఇద్దరి కళ్ళూ తేనెరంగులో మెరిశాయి. అప్పుడే ఇంటికొచ్చిన మోక్షిత గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా! నా కళ్ళు పెట్టుకున్నారేటి?" అని, నడుం పట్టుకుని పడీపడీ నవ్వింది. ఐదు రోజుల్లో ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు.

శనివారం దండపాణి గారు మామూలు కుర్చీలో కూర్చుని కొత్త దరఖాస్తు తీసుకున్నారు. తండ్రి ఇరవై మూడు. తల్లి ఇరవై మూడు. పిల్ల ఇరవై మూడు. సోమవారం నాటి కాగితంలో అరవై ఆరూ అరవై నాలుగూ ఆయన స్వదస్తూరీతోనే ఉన్నాయి. దాన్ని చూసి, "పాత దరఖాస్తులోని వ్యక్తులు వేరు. వారిది తిరస్కరించితిమి గదా," అని పక్కన పడేశారు. లేచి నిలబడి పైడిరాజుకి చెయ్యి కలిపారు. ఊళ్ళో గడి తేడా లేకుండా సరిపోయిన మొదటి కుటుంబమట. ముగ్గురికీ ఫొటో తీయించి, కింద 'సంపూర్ణ సామ్యం' అని రాయించి నోటీసుబోర్డుకి పెట్టించారు. మధ్యాహ్నం మూడింటికి మోక్షిత పేరు బడి రిజిస్టర్లోకి ఎక్కింది. కుమారి ఆ అక్షరాలు కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. లెన్సుల వల్ల నీళ్ళొస్తున్నాయని అంది. పైడిరాజుకీ అలాగే వచ్చాయి.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. సోమవారం బడి మొదలైంది. సాయంత్రం ఇద్దరూ కలిసి పిల్లని తెచ్చుకోవడానికెళ్ళారు. కళ్ళు మండుతున్నాయని లెన్సులు పొద్దున్నే తీసి పారేశారు. గేటు దగ్గర టీచరమ్మ ధ్రువపత్రాల కట్ట పట్టుకుని నిలబడింది. పక్కనే కుర్చీ వేయించుకుని, తన పథకం మొదటిరోజు ఎలా నడుస్తుందో చూడ్డానికి దండపాణి గారు.

టీచరమ్మ పత్రం చూసింది, పైడిరాజు కళ్ళు చూసింది. "పిల్ల తండ్రి కళ్ళు ఇరవై మూడండి. మీవి నల్లగా ఉన్నాయి. తల్లివీ నల్లగానే ఉన్నాయి. నేను పిల్లనివ్వలేను."

"అమ్మా, దాని తల్లిని నేను!" అంది కుమారి గేటు ఊచలు పట్టుకుని.

"అందరూ అలాగే అంటారండి. పిల్లలు పరాయివాళ్ళ చేతుల్లో పడకూడదనేగా ఇదంతా," అంది టీచరమ్మ. ఆవిడా భయపడుతూనే అంది పాపం, పక్కన అధికారి కూర్చున్నాడాయె.

దండపాణి గారు పత్రం అందుకుని పరిశీలించారు. "నిన్నమొన్న ఈ కుటుంబానికే కదా నేను చేయి కలిపితిని. వీరెవరో నల్లకళ్ళవారు. పోలీసు వారికి తెలియజేయుట..." అంటుండగా లోపల పిల్లల వరస కదిలింది.

వెనకెక్కడో తలలు వంచుకుని గోడకి ఆనుకుని కూర్చున్న పిల్లల్లో మోక్షిత ఉంది. అక్కడికి గేటు కనపడదు. గాలి మాత్రం గేటు మీదుగానే లోపలికి వీస్తోంది. పిల్ల తల పైకెత్తింది. ముక్కు ఎగబీల్చింది. లేచి, వరస తోసుకుని, టీచరమ్మ చెయ్యి కిందనుంచి దూరి, ఊచల సందులోంచి రెండు చేతులూ చాచి, కిందికి వంగిన పైడిరాజు మెడకి వేసేసింది.

"నానా! ఇంతసేపేటి?"

టీచరమ్మ పత్రం మడిచేసింది. "చూడకుండానే ఎలా గుర్తుపట్టావే?" అంది.

"వాసనొచ్చింది కదా," అంది మోక్షిత, ఈ మాత్రం తెలీదా అన్నట్టు. "మా నాన్న వాసన."

టీచరమ్మ ఇంక ఎవర్నీ అడగలేదు. గేటు గడియ తీసేసింది. కుమారి పిల్లని ఎత్తుకుని మళ్ళీ దించలేదు. ఇల్లు చేరేదాకా పైడిరాజు తన చొక్కా తనే వాసన చూసుకుంటూ నడిచాడు. అతనికి అంత గర్వంగా ఎప్పుడూ లేదు. దండపాణి గారు మాత్రం అక్కడే కూర్చుని డైరీలో ఏదో చాలాసేపు రాసుకున్నారు.

పది రోజుల తర్వాత సీతారామా పెయింట్స్ ముందు మున్సిపాలిటీ జీపు ఆగింది. దండపాణి గారు దిగారు. ఆయన వీపు వెనక జీపు తలుపు మీద కొత్తగా రాసిన బోర్డు, రంగు ఇంకా తడి ఆరలేదు: గంధసామ్య నిర్ధారణాధికారి. వర్ణ పథకం రద్దయింది. కొత్తదానికి, వాసన పట్టుకోవడానికని ఒక సీసా, ఒక దూది ఉండ తెచ్చుకున్నారు.

"సాంకేతికంగా ఒక సందేహం," అన్నారు పైడిరాజుతో, మునుపటంత మర్యాదగానే. "తండ్రి యొక్క వాసన, తల్లి యొక్క వాసన సంయోగం చెందినచో బిడ్డయందు ఫలితం ఏమగును?"

పైడిరాజుకి ఒళ్ళు పులకరించింది. నోరు తెరిచాడు. మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికొచ్చిన కుమారి కౌంటరు అవతల నిలబడి అతని వైపే చూస్తోంది.

పైడిరాజు నోరు మూసుకున్నాడు. చేతిలో ఉన్న టర్పెంటైన్ సీసాకి మూత కూడా బిగించాడు.

"నాకేటి తెలుసు బాబూ," అన్నాడు. "నాను గోడరంగులోణ్ణి."